శంషాబాద్ వసంతాకాశం: తిథులు, రాలే చుక్కలు

శంషాబాద్ రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాద్‌కు దక్షిణంగా బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న పట్టణం. రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ఇక్కడే ఉంది. ఉత్తర అక్షాంశం 17.2 డిగ్రీలు, సముద్రమట్టానికి ఎత్తు సుమారు 600 మీటర్లు. ఈ ప్రాంతపు ఆకాశంలో చైత్ర వైశాఖాల్లో చెప్పుకోదగ్గ ఉల్కాపాతాలు రెండు కనిపిస్తాయి. ఏప్రిల్ 22, 23 తేదీల దగ్గర లైరిడ్ ఉల్కలు, మే 5, 6 తేదీల దగ్గర ఈటా అక్వేరిడ్ ఉల్కలు రాలుతాయి. రెండూ రాత్రి నాలుగో జాములో, అంటే మూడు గంటల నుంచి తెల్లవారేదాకా బాగా కనిపించేవే. రెండిటికీ ఏటా తేదీలు దాదాపు మారవు. మారేది చంద్రుడే. విమానాశ్రయం లైట్లు, ఔటర్ రింగ్ రోడ్డు లైట్లు ఏడాది పొడుగునా ఒకేలా ఉంటాయి కాబట్టి, ఇక్కడ ఉల్కలు చూడదలచినవాళ్లు ముందుగా చూడాల్సింది గోడమీది క్యాలెండరులో తిథిని.

తిథి, ఘడియలు, వెన్నెల

ఆకాశంలో సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. ముప్పై తిథులకు 360 డిగ్రీలు, అంటే ఒక చాంద్రమాసం, సగటున 29.53 రోజులు. చంద్రుడి నడక అన్నిరోజులూ ఒకే వేగంతో సాగదు కాబట్టి ఒక తిథి 19 గంటలకే ముగియవచ్చు, 26 గంటలకు పైగా సాగనూవచ్చు. తెలుగువారి నెల అమావాస్యతో ముగుస్తుంది. పున్నమి దగ్గర చంద్రుడు ఏ నక్షత్రం పక్కన ఉంటే ఆ పేరే నెలకు వచ్చింది. చిత్త దగ్గర నిండితే చైత్రం, విశాఖ దగ్గర నిండితే వైశాఖం. చైత్ర పున్నమినాడు డాబా మీదికి వెళ్లి చూస్తే చంద్రుడికి కాస్త అటో ఇటో తెల్లగా ఒంటరిగా మెరిసే చిత్త నక్షత్రం కనిపిస్తుంది. నెల పేరుకు మూలమైన చుక్కను కళ్లారా చూడటానికి అంతకన్నా మంచి రోజు లేదు.

తిథి నుంచి చంద్రుడు ఎంతసేపు ఉంటాడో నోటి లెక్కతో తేల్చవచ్చు. రోజుకు 60 ఘడియలు, నెలకు 30 తిథులు. కాబట్టి చంద్రుడు తిథికి రెండు ఘడియల చొప్పున, అంటే 48 నిమిషాల చొప్పున సూర్యుడి కంటే వెనకబడుతూ పోతాడు. శుద్ధపక్షంలో తిథి సంఖ్యను రెట్టింపు చేస్తే పొద్దుగూకాక చంద్రుడు ఎన్ని ఘడియలు ఆకాశంలో ఉంటాడో తెలుస్తుంది. బహుళపక్షంలో అదే లెక్క పొద్దుగూకిన ఎన్ని ఘడియలకు చంద్రుడు పొడుస్తాడో చెబుతుంది. ఏప్రిల్ చివర శంషాబాద్‌లో సూర్యాస్తమయం 6:37 ప్రాంతంలో. శుద్ధ అష్టమికి 16 ఘడియలు, అంటే 6 గంటల 24 నిమిషాలు. రాత్రి ఒంటిగంటకు చంద్రుడు గుంకుతాడు. ఆ తర్వాతి చీకటంతా ఉల్కలదే. బహుళ అష్టమినాడు సరిగ్గా ఇందుకు తలకిందులు, ఒంటిగంటదాకా చీకటి ఉండి ఆపైన వెన్నెల వస్తుంది. నాలుగో జాము ఉల్కలకు ఈ రెండో అష్టమి అంత అనువైనది కాదు.

చంద్రుడి దారి కొన్ని రోజులు ఉత్తరానికి, కొన్ని రోజులు దక్షిణానికి వాలుతుంది గనుక ఈ లెక్క అరగంట అటూ ఇటూ తప్పవచ్చు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ కూడా. మరో జాగ్రత్త కూడా అవసరం. క్యాలెండరు గడిలో వేసేది సూర్యోదయానికి ఉన్న తిథి. అది ఏ వేళదాకా ఉందో పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. రాత్రి లెక్కకు సాయంత్రానికి ఉన్న తిథినే తీసుకోవాలి.

అష్టమి చంద్రుడు పున్నమి చంద్రుడిలో సగం కనిపిస్తాడు కదా, వెలుగు కూడా సగమే అనుకుంటాం. నిజానికి అది దాదాపు పదో వంతే. పున్నమినాడు ఎండ చంద్రుడి మీద మనవైపు నుంచి సూటిగా పడుతుంది, నీడలు కనిపించవు. అష్టమినాడు ఎండ ఏటవాలుగా పడి, గుంతలూ గుట్టలూ తమ నీడలతో నేలను కప్పేస్తాయి. అందుకే ఉల్కలు చూసేవాళ్లకు అష్టమి చంద్రుడు పెద్ద శత్రువు కాడు. ఏకాదశి దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది.

శంషాబాద్ మండలంలో నర్కూడ దగ్గరి అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయానికి శ్రీరామనవమినాడు జనం పోటెత్తుతారు. నవమి అంటే 18 ఘడియలు. కల్యాణం చూసి, బంధువుల ఇంట్లో ఉండి, రాత్రి ఆలస్యంగా ఇళ్లకు వెళ్లేవాళ్లకు తోవ పొడుగునా పడమటి ఆకాశంలో వెన్నెల తోడుంటుంది. రాత్రి ఒకటిన్నర, రెండు గంటలకు గానీ చంద్రుడు దిగడు.

నెలవంక గురించి ఒక మాట. వసంతంలో నెలపొడుపు ఇక్కడ పడవలా కనిపిస్తుంది, రెండు కొమ్ములూ పైకి ఉంటాయి. మార్చి, ఏప్రిల్ సాయంత్రాల్లో సూర్యచంద్రులు నడిచే దారి పడమటి దిక్కున దాదాపు నిట్టనిలువుగా నిలబడుతుంది. సూర్యుడు చంద్రుడికి నేరుగా కింద ఉండటంతో వెలుగు అడుగంచుకు అంటుతుంది. దారి నిలువుగా ఉండటం వల్లే వసంతంలో సన్నని నెలవంకను పట్టుకోవడం మిగతా కాలాలకంటే తేలిక. విదియ, తదియల్లో చంద్రుడి చీకటి భాగం కూడా బూడిదరంగులో లీలగా తెలుస్తుంది. అది భూమి మీద పడి తిరిగి చంద్రుణ్ణి చేరిన ఎండ వెలుగు.

ఇటీవలి వసంతాల్లో ఈ నెలవంక కోసం రెండు పండుగల వాళ్లు ఒకేవారంలో పడమర చూశారు. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, రంజాన్ పండుగ 11న వచ్చాయి. 2025 మార్చి 30న ఉగాది, ఆ సాయంత్రమే నెలవంక కనిపించి మర్నాడు రంజాన్. 2026లో ఉగాది మార్చి 19, రంజాన్ 21. ఇస్లామీ నెలలకు అధికమాసం లేదు గనుక ఆ పండుగ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. తెలుగు లెక్క కూడా అంతే జరుగుతూ పోయి, రెండున్నర మూడేళ్లకోసారి అధికమాసం పడగానే వెనక్కి వస్తుంది. 2023 అధిక శ్రావణం తర్వాత జతకట్టిన ఈ రెండు పండుగలూ 2026 అధిక జ్యేష్ఠంతో విడిపోతాయి. 2027లో ఉగాది ఏప్రిల్ 7న గానీ రాదు.

రెండు ఉల్కాపాతాల నడుమ ఒక పక్షం

లైరిడ్‌ల పతాక ఘట్టం ఏప్రిల్ 22, 23. ఈటా అక్వేరిడ్‌లది మే 5, 6. మధ్య వ్యవధి సుమారు పద్నాలుగు రోజులు, అంటే ఒక పక్షం. దీని ఫలితం గమనించదగ్గది. ఒకటి అమావాస్య దగ్గర పడిన ఏడాది రెండోది పున్నమి దగ్గర పడక తప్పదు. వసంతంలో రెండు ఉల్కాపాతాలూ పూర్తి చీకట్లో దొరకడమన్నది జరగదు. రెండిటికీ చంద్రుడు అష్టమి చుట్టుపక్కల పడిన ఏడాది మాత్రం రెండూ కొంతకొంత దక్కుతాయి. 2025లో అలాగే జరిగింది. లైరిడ్‌ల వేళకు బహుళపక్షపు సన్నటి చంద్రుడు రాత్రి చివర్లో వచ్చాడు, అక్వేరిడ్‌ల వేళకు శుద్ధపక్షపు చంద్రుడు అర్ధరాత్రి దాటి కాసేపటికి గుంకాడు.

2026లో మొగ్గు లైరిడ్‌ల వైపు. ఏప్రిల్ 17 అమావాస్య. ఏప్రిల్ 22 రాత్రి వైశాఖ శుద్ధ షష్ఠి ముగిసే వేళ. ఘడియల లెక్క ప్రకారం 11:25కు, చంద్రుడు ఉత్తరానికి బాగా వాలి ఉండటం వల్ల అర్ధరాత్రికి దగ్గరగా, చంద్రాస్తమయం. లైరిడ్‌లు ముమ్మరమయ్యేది కూడా భారత కాలమానం ప్రకారం ఆ రాత్రి ఒంటిగంట ప్రాంతంలోనే. ఇంతటి పొందిక ఏటా కుదరదు. అదే ఏడాది మే 1న వైశాఖ పున్నమి, మే 6 తెల్లవారుజామున బహుళ చవితి చంద్రుడు దక్షిణాకాశంలో వెలుగుతూ అక్వేరిడ్‌లలో చిన్నవాటినన్నిటినీ మింగేస్తాడు.

2027లో తారుమారు. లైరిడ్‌లు చైత్ర పున్నమి వెళ్లిన రెండో రాత్రికి పడతాయి, వెన్నెల తెల్లారేదాకా ఉంటుంది. మే 6 మాత్రం అమావాస్య. ఆ తెల్లవారుజాము, మర్నాటి తెల్లవారుజాము రెండూ పూర్తిగా చీకటి. ఒక్క రాత్రికే నిద్ర మానుకోగలిగినవాళ్లు 2027లో ఆ రాత్రిని ఎంచుకోవాలి.

లైరిడ్ ఉల్కలు

ఇవి ఏప్రిల్ 14 నుంచి 30 దాకా చెదురుమదురుగా రాలుతుంటాయి. మూలం 1861 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో థాచర్ కనుగొన్న తోకచుక్క. అది సూర్యుణ్ణి చుట్టిరావడానికి 415 ఏళ్లు పడుతుంది కాబట్టి ఇప్పుడు బతికి ఉన్నవారెవరూ దాన్ని చూసి ఉండరు. దాని దుమ్ము మాత్రం ఏటా భూమికి ఎదురవుతుంది. చైనా చరిత్రగ్రంథం జువో జువాన్‌లో క్రీస్తుపూర్వం 687 నాటి ఉల్కాపాతం నమోదైంది, దాన్ని లైరిడ్‌లదిగా పోల్చారు. నేటికీ కొనసాగుతున్న ఉల్కాపాతాల్లో ఇంత పాత నమోదు ఉన్నది మరొకటి లేదు. 1803లో, 1922లో, 1982లో ఇవి ఉన్నట్టుండి విజృంభించాయి. 1982లో కాసేపు గంటకు 90 దాకా రాలాయి.

మామూలు ఏడాదిలో, మచ్చలేని చీకట్లో, ఉల్కలు వెలువడుతున్నట్టు కనిపించే బిందువు నడినెత్తిన ఉన్నప్పుడు గంటకు 18. ఆ బిందువు అభిజిత్తు నక్షత్రం దగ్గర ఉంది. శంషాబాద్‌లో ఏప్రిల్ 22న అది రాత్రి తొమ్మిదిన్నరకు ఈశాన్యంలో పొడిచి, తెల్లవారుజామున 4:20కి ఉత్తర దిక్కున 73 డిగ్రీల ఎత్తుకు, ఇంచుమించు నడినెత్తికి చేరుతుంది. తెలవెలుగు మొదలయ్యేది 4:40 ప్రాంతంలో. అంటే బిందువు బాగా పైకెక్కేది, చీకటి ఇంకా మిగిలి ఉండేది రాత్రి రెండు గంటల నుంచి నాలుగున్నర దాకా.

ఈటా అక్వేరిడ్ ఉల్కలు

వసంతంలో మనకు దక్కే అసలు కానుక ఇవే. యూరప్‌లోనూ ఉత్తర అమెరికాలో ఎక్కువ భాగంలోనూ ఈ ఉల్కల బిందువు తెల్లవారేలోగా నేల మీది నుంచి పెద్దగా లేవదు. అక్కడి పుస్తకాల్లో వీటికి నాలుగు వాక్యాలు మించి దొరకకపోవడానికి కారణం అదే. 17వ అక్షాంశం మీద ఉన్న మనకు పరిస్థితి వేరు. కుంభరాశిలో, శతభిష దాపున ఉన్న ఆ బిందువు మే 6న రాత్రి రెండు గంటలకు సరిగ్గా తూర్పున పొడుస్తుంది, తెలవెలుగు పరుచుకునే నాలుగున్నరకల్లా 36 డిగ్రీలు ఎగబాకుతుంది. ఆస్ట్రేలియా అంత అదృష్టం కాకపోయినా, లండన్‌తో పోలిస్తే మనది భాగ్యమే.

ఇవి హేలీ తోకచుక్క వదిలిన దుమ్ము. 1870లో మధ్యధరా సముద్రంలో ఓడ మీద ఉన్న టప్‌మన్ అనే అధికారి వీటిని ప్రత్యేక ఉల్కాపాతంగా గుర్తించాడు. 1876లో ఖగోళ శాస్త్రవేత్త అలెగ్జాండర్ హెర్షెల్ వీటి దారి హేలీ దారితో సరిపోతోందని చూపాడు. భూమి ఆ దుమ్ముదారిని ఏడాదికి రెండుసార్లు దాటుతుంది. మేలో ఈటా అక్వేరిడ్‌లు, అక్టోబరులో ఒరయొనిడ్‌లు. హేలీ 1910లో వచ్చింది. ఆ ఏడాదే వెలువడిన గురజాడ ‘ముత్యాల సరములు’లోని తోకచుక్క అదే. మళ్లీ 1986లో వచ్చింది. 2023 డిసెంబరులో సూర్యుడికి అత్యంత దూరపు కొసకు చేరి వెనుదిరిగింది, 2061లో వస్తుంది. అప్పటిదాకా ఆగలేనివాళ్లు హేలీని ముక్కలు ముక్కలుగా ఏటా మేలో చూడవచ్చు. నెత్తిమీద గీత గీసి మాయమైన ఇసుకరేణువు ఎన్నో వందల ఏళ్ల కిందట ఆ తోకచుక్క నుంచి విడివడిందే.

ఈ రేణువులు భూమికి దాదాపు ఎదురుగా వస్తాయి. వేగం సెకనుకు 66 కిలోమీటర్లు. లైరిడ్‌లది 47. అంత వేగంతో గాలిని తాకగానే రేణువు ఆవిరై, చుట్టూ గాలి కూడా వెలుగుతుంది. అందుకే అక్వేరిడ్ గీత పోయాక కూడా దాని జాడ పొగరేఖలా ఒకటి రెండు సెకన్లు, పెద్దదైతే ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. మంచి చీకట్లో బిందువు నడినెత్తిన ఉంటే గంటకు 50 లెక్క. 2013లో ఆ సంఖ్య రెట్టింపు దాటింది. మన దగ్గర బిందువు నడినెత్తికి చేరేసరికి బాగా పొద్దెక్కి ఉంటుంది కాబట్టి, తెల్లవారేముందు 36 డిగ్రీల ఎత్తుకు గంటకు 30 దాకా ఆశించడం న్యాయం.

రెండు గంటలప్పుడు, బిందువు అప్పుడే పొడుస్తుండగా, సంఖ్య తక్కువ. కానీ ఆ కాస్త వేళలో వచ్చేవి అందమైనవి. గాలిపొర అంచును ఒరుసుకుంటూ తూర్పు నుంచి పైకి లేచి, ఆకాశంలో సగం దూరం నిదానంగా సాగి ఆరిపోతాయి. ఒక్కటి కనిపించినా ఆ రాత్రి లేచినందుకు ఫలితం దక్కినట్టే.

ఉల్క వెలిగే ఎత్తు నేలకు సుమారు వంద కిలోమీటర్లు. దీన్నిబట్టి ఓ చిన్న లెక్క వేయవచ్చు. శంషాబాద్‌లో నిలబడి తూర్పున 30 డిగ్రీల ఎత్తులో ఒక ఉల్కను చూస్తే, అది మన నుంచి అడ్డంగా 170, 180 కిలోమీటర్ల దూరంలో వెలిగింది. అంటే ఖమ్మం మీద. దక్షిణాన అదే ఎత్తులో కనిపిస్తే కర్నూలు పరిసరాల మీద. ఖమ్మంలో ఆ సమయానికి ఆరుబయట పడుకున్న మనిషి అదే ఉల్కను నడినెత్తిన చూసి ఉంటాడు. శంషాబాద్ ఆకాశం అని మనం అనుకునేది నిజానికి సగం తెలంగాణ, కొంత రాయలసీమ మీది ఆకాశం.

చిన్నాచితకా

వసంతంలో మరికొన్ని పేర్లు వినిపిస్తాయి. మార్చి మధ్యలో గామా నార్మిడ్‌లు, ఏప్రిల్ 23 దగ్గర పై పప్పిడ్‌లు. రెండూ దక్షిణార్ధగోళపువి, ఇక్కడ దక్షిణ దిక్కున తక్కువ ఎత్తులోనే తిరుగుతాయి. మే రెండో వారంలో ఈటా లైరిడ్‌లు, గంటకు రెండు మూడు. ఇవి కాక ఏ వరసకూ చెందని ఒంటరి ఉల్కలు ఏ రాత్రయినా నాలుగైదు కనిపిస్తూనే ఉంటాయి. ఏడాది మొత్తంలో ఉల్కలు పలచబడే కాలం మార్చి. ఆ నెలలో చంద్రుణ్ణి చూడటమే మేలు. 2026 మార్చి 3 ఫాల్గుణ పున్నమినాడు హైదరాబాద్‌లో చంద్రుడు గ్రహణంతోనే పొడిచేలా లెక్క కుదిరింది, 6:47కు గ్రహణం విడుపు.

లైట్లు, విమానాలు

ఆకాశం ఎంత చీకటిగా ఉందో చెప్పడానికి కంటికి ఆనే అతి మసక చుక్క కొలత. ఊళ్లకు దూరంగా 6.5వ తరగతి దాకా కనిపిస్తాయి. పట్టణం అంచున 4.5 దాటడం కష్టం. ఈ రెండు తరగతుల తేడా లైరిడ్‌లను నాలుగో వంతుకు, అక్వేరిడ్‌లను ఐదారో వంతుకు తగ్గిస్తుంది. అంటే విమానాశ్రయం పరిసరాల్లో మిద్దెమీద కూర్చున్నవాళ్లకు, వెన్నెల లేకపోయినా, గంటకు నాలుగైదు ఉల్కలు. ఈ సంఖ్య ముందే తెలిసినవాళ్లు నిరాశపడరు. వార్తల్లో వచ్చే ‘ఉల్కల వాన’ అన్న మాటను నమ్మి లేచినవాళ్లు పావుగంటకే కిందికి దిగిపోతారు, అది నిజంగా బాధ కలిగించే విషయం.

2008 మార్చి 23న ఇక్కడ విమానాల రాకపోకలు మొదలయ్యాయి. రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. కాబట్టి దిగబోయే విమానాలు ఈ రెండు దిక్కుల్లోనే వరుసకడతాయి. మనవైపు సూటిగా వచ్చే విమానం లైటు కదలకుండా, చుక్కల్లోకెల్లా పెద్ద చుక్కలా రెండు మూడు నిమిషాలు వేలాడుతుంది. కొత్తవాళ్లు దాన్ని శుక్రుడనుకుంటారు. కాసేపటికి అది రెండుగా, మూడుగా విడిపోయి, ఎర్ర పచ్చ దీపాలు మినుకుమంటూ చప్పుడు వినిపిస్తుంది. ఉపగ్రహమైతే మినుకుమనదు, ఒకే వేగంతో నిమిషాల తరబడి నడుస్తుంది. ఉల్క ఆయుష్షు సెకను, అంతకన్నా తక్కువ. లైరిడ్‌లకు ఉత్తర ఆకాశం చూడాలి గనుక విమానాల బెడద తక్కువ. అక్వేరిడ్‌లది తూర్పు కాబట్టి, సూటిగా తూర్పు చూడకుండా ఆగ్నేయంగానో ఈశాన్యంగానో కాస్త పైకి చూపు నిలపడం మంచిది. బిందువుకు దూరంగా పుట్టిన ఉల్కల గీతలు పొడవుగా ఉంటాయి కూడా.

శంషాబాద్‌కు పడమటి వైపు చాలాకాలం చీకటి మిగలడానికి కారణం ఆకాశం మీద ప్రేమ కాదు, నీళ్ల మీద శ్రద్ధ. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలను, కాలుష్య పరిశ్రమలను అడ్డుకుంటూ 1996లో 111 జీవో వచ్చింది. పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి తెచ్చిన ఆ ఉత్తర్వు పనిలో పనిగా రాత్రినీ కాపాడింది. 2022లో 69వ జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. చెరువు నీళ్లకు కాపలా అవసరమని అందరూ ఒప్పుకుంటారు. చీకటికి కూడా అవసరమేనని చెప్పే జీవో ఇంతవరకు లేదు, ఉండాలి. దీపాలకు పైన మూత పెట్టి వెలుగును నేలకే పంపడం పెద్ద ఖర్చు కాదు.

ఇంకాస్త చీకటి కావాలంటే దక్షిణంగా కొత్తూరు దాటి షాద్‌నగర్ వైపు, ఆగ్నేయంగా మహేశ్వరం పల్లెల వైపు, తీరిక ఉంటే వికారాబాద్ అనంతగిరి కొండలకు వెళ్లాలి. హైదరాబాద్ వెలుగు ఉత్తరాన ఉంటుంది కాబట్టి ఎంత దక్షిణంగా జరిగితే అంత మేలు.

బేగంపేట నుంచి జపాల్ దాకా

ఈ ప్రాంతంలో ఆకాశాన్ని లెక్కగా చూడటం కొత్త కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో మొదలుపెట్టిన నిజామియా వేధశాల 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి బేగంపేటకు మారింది. ప్రపంచ వేధశాలలు పంచుకుని చేసిన ఆకాశపటం పనిలో హైదరాబాద్ తన వాటాగా లక్షలాది నక్షత్రాల స్థానాలు కొలిచి పన్నెండు సంపుటాలు అచ్చువేసింది. టి.పి. భాస్కరశాస్త్రి నాయకత్వంలో ఆ పనిలో ఎక్కువ భాగం పూర్తయింది. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

ఉల్కల విషయానికొస్తే గుర్తుంచుకోవలసిన పేరు మహమ్మద్ అబ్దుర్ రహమాన్ ఖాన్. ఉస్మానియా విశ్వవిద్యాలయ కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఈయన 1930లు, 40లలో బేగంపేట నుంచి ఉల్కలను లెక్కపెట్టి, ఆ వివరాలను విదేశీ ఖగోళ పత్రికలకు పంపేవారు. ఉల్కాశిలల మీద కూడా వ్యాసాలు రాశారు. ఉల్కలు చూడటానికి టెలిస్కోపు అక్కర్లేదు, రెండు కళ్లు, గడియారం, కాగితం చాలు. హైదరాబాద్‌లో కూర్చుని ప్రపంచ విజ్ఞానానికి పనికొచ్చే పని చేయడానికి ఆయన ఎంచుకున్న దారి ఎంత తెలివైనదో ఇప్పుడు ఆలోచిస్తే ముచ్చటేస్తుంది.

బేగంపేట మీద నగరపు వెలుగు పెరిగాక, 1960ల చివర్లో ఉస్మానియా 48 అంగుళాల టెలిస్కోపును రంగారెడ్డి జిల్లా జపాల్, రంగాపూర్ గ్రామాల మధ్య గుట్ట మీద నెలకొల్పింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఆ వేధశాల మీదుగానే వెళ్లింది. బేగంపేట నుంచి ముందు నక్షత్ర పరిశీలకులు వెళ్లిపోయారు, నాలుగు దశాబ్దాలకు అక్కడి పాత విమానాశ్రయం నుంచి విమానాలూ వెళ్లిపోయాయి. విమానాలు వచ్చి చేరిన శంషాబాద్‌లో ఆకాశాన్ని చూసే ఆ పని ఇప్పుడు డాబాల మీద సాగాలి.

లెక్కపెట్టే పద్ధతి

వసంత రాత్రులు ఇందుకు అనువైనవి. మార్చి, ఏప్రిల్‌లలో మబ్బు తక్కువ. ఏప్రిల్ చివర, మేలో సాయంత్రం ఉరుములతో గాలివాన వచ్చినా చాలాసార్లు అర్ధరాత్రి దాటాక ఆకాశం తేటపడుతుంది, వాన కడిగిన గాలిలో దుమ్ము కూడా ఉండదు. ఏసీలు రాకముందు ఈ నెలల్లో ఊరంతా ఆరుబయట మంచాల మీదే పడుకునేది. మెలకువ వచ్చినప్పుడల్లా చుక్కలు కనిపించేవి, రాలిన చుక్కను చూసినవాళ్లు పక్కవాళ్లను లేపేవాళ్లు.

పెద్ద లైటు కంటికి నేరుగా తగలని చోట చాప పరచి వెల్లకిలా పడుకోవాలి. చీకటికి కళ్లు అలవాటు పడటానికి అరగంట పడుతుంది. సెల్‌ఫోన్ ఒక్కసారి వెలిగిస్తే ఆ అరగంట మళ్లీ మొదటికి వస్తుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుంటే రాసుకోవడానికి సరిపోతుంది. పుస్తకంలో ముందు తేదీ, తిథి, చంద్రుడు ఉన్నాడో లేడో, సప్తర్షి మండలంలో వశిష్ఠుడి పక్కన అరుంధతి కనిపిస్తోందో లేదో రాయాలి. అరుంధతి నాలుగో తరగతి చుక్క. అది సులువుగా కనిపిస్తే ఆకాశం పట్టణానికి ఫర్వాలేదన్నమాట. ఆపైన ప్రతి ఉల్కకూ వేళ, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు, ఏ చుక్కంత వెలుగు, జాడ మిగిలిందా లేదా. గీతను వెనక్కి పొడిగిస్తే అభిజిత్తు వైపో శతభిష వైపో చేరితే అది ఆ వరసది, లేకపోతే ఒంటరిది. ఒక్కటీ కనిపించని పావుగంటలను కూడా రాయాలి. తర్వాత లెక్కకట్టేవాళ్లకు సున్నాలూ సంఖ్యలే. నాలుగున్నర దాటాక తూర్పున తెలుపు పాకి మసక చుక్కలు ఒక్కొక్కటే పోతుంటే, చివరి చుక్క పోయిన వేళ కూడా వేసి పుస్తకం మూయవచ్చు.